కొత్త ఆఫ్‌రోడ్ బండి: గుణం ఏది, లోపం ఏది? ఒక కేస్ స్టడీ

ఆఫ్‌రోడ్ బండ్లు కొత్తగా కొన్నవాళ్లు వర్క్‌షాప్‌కి తెచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు లోపాలు కావు. ఆ బండిని కట్టిన తీరే అంత. ఇది నిజమే గానీ, ఇందులో ఒక ప్రమాదం ఉంది. "ఈ బండ్లన్నీ ఇంతే సార్" అనడం అలవాటైపోతే, ఆ గుంపులో దాక్కున్న అసలు లోపాన్ని కూడా అదే మాట చెప్పి వెనక్కి పంపేస్తాం. ఈ కేసు రాసిపెట్టడానికి కారణం అదే. ఇందులో ఫిర్యాదులు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి మాత్రం ప్రాణం మీదికి తెచ్చేది. ఓనర్‌ని, బండిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. మెకానికల్ విషయాలు ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

నేపథ్యం

బండి ల్యాడర్ ఫ్రేమ్ ఛాసిస్ మీద కట్టింది. ముందూ వెనకా సాలిడ్ యాక్సిళ్లు (రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం), కాయిల్ స్ప్రింగులు, రీసర్క్యులేటింగ్ బాల్ స్టీరింగ్ బాక్స్, లో రేంజ్ (మెల్లగా, ఎక్కువ బలంతో లాగే గేర్ల వరస) ఉన్న పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ (అవసరమైనప్పుడే లివర్‌తో వేసుకునేది), డీజిల్ ఇంజిన్, విప్పి తీయగలిగే హార్డ్ టాప్. ఓడోమీటర్ 4,000 కిలోమీటర్లు దాటింది. వారంటీ నడుస్తోంది.

ఓనర్ అంతకుముందు చాలా ఏళ్లు మోనోకాక్ బాడీ (వేరే ఛాసిస్ లేకుండా బాడీయే ఛాసిస్‌గా పనిచేసేది) ఉన్న చిన్న కారు నడిపారు. రోజువారీ వాడకం ఊళ్లో చిన్న దూరాలు, వీలున్నప్పుడు మట్టిదారులు, వాగులు. బండిని ప్రేమగా చూసుకునే మనిషి. ఫిర్యాదులన్నీ ఒక కాగితం మీద రాసుకొచ్చి నా చేతికిచ్చారు. "వీటిలో ఏవి నా అపోహలో చెప్పండి చాలు. ఏవి నిజమో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది" అన్నారు. అప్పటికే రెండు చోట్ల చూపించారట. ఒక చోట అన్నీ మామూలే అన్నారు, ఇంకో చోట పార్టులు మార్చారు.

కాగితం మీద ఉన్నవి

పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే బండి పట్టేసినట్టయి ఎగిరెగిరి కదులుతోంది. ఫోర్ వీల్ లివర్ ఒక్కోసారి వెనక్కి రావడం లేదు, లో రేంజ్ అసలు పడటం లేదు. ఇంజిన్ ఆపేశాక కూడా ఫ్యాన్ తిరుగుతోంది, కాలిన వాసన వస్తోంది. వాన పడితే ముందు ప్యాసింజర్ కాళ్ల దగ్గర తడి. హెడ్‌లైట్ లోపల ఆవిరి. డ్రైవ్ నుంచి రివర్స్‌కి మార్చినప్పుడు కింద టక్కుమని చప్పుడు. తడిసిన మర్నాడు బ్రేకులు గరగరమంటున్నాయి. టైర్ల హోరు. వెనక తలుపు దగ్గర గలగల. హైవే మీద బండి తిన్నగా పోకుండా అటూ ఇటూ జారుతున్నట్టుంది. స్టీరింగ్ వీల్ కాస్త వంకరగా నిలుస్తోంది. కాగితం అడుగున, మిగతా వాటికన్నా చిన్న అక్షరాలతో: "80 స్పీడులో బ్రిడ్జి జాయింట్ ఎక్కితే ముందు భాగం మొత్తం వణుకుతుంది. స్పీడు బాగా తగ్గిస్తేనే ఆగుతుంది."

ఆ చివరి వాక్యం చదవగానే ముందు దాని సంగతే చూడాలనిపించింది. అయినా మొత్తం కాగితాన్ని వరసగా చూద్దామనే నిర్ణయించుకున్నాను. ఫిర్యాదులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నప్పుడు పెద్దదాన్ని ఒంటరిగా పట్టుకుంటే, దానికి తోడైన చిన్న కారణాలు దొరకవు. వణుకు తేలేదాకా 60 దాటి నడపొద్దని మాత్రం గట్టిగా చెప్పాను. ఎప్పుడైనా వణుకు మొదలైతే బ్రేకు గట్టిగా తొక్కొద్దని, స్టీరింగ్‌తో కుస్తీ పట్టకుండా నిటారుగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, మెల్లగా పక్కకి ఆపమని చెప్పాను.

వేరు చేయడం ఎలా మొదలుపెట్టాం

ప్రతి ఫిర్యాదు పక్కన ఆయన చేతే మూడు విషయాలు రాయించాను: ఎప్పటినుంచి ఉంది, ఒకే పరిస్థితిలో ప్రతిసారీ వస్తుందా, రోజురోజుకీ పెరుగుతోందా. బండిని కట్టిన తీరు వల్ల వచ్చే గుణం బండి చేతికొచ్చిన నాటినుంచీ ఉంటుంది, ఒకే పరిస్థితిలో వస్తుంది, పెరగదు. లోపానికి సాధారణంగా ఒక మొదలు ఉంటుంది, ఆపైన అది ముదురుతుంది.

తర్వాత అదే మోడల్ బండి ఇంకొకటి సర్వీస్‌కి వచ్చి ఉంటే, దాని ఓనర్ని అడిగి ఈయన చేతే నడిపించాను. నోటితో ఎంత చెప్పినా రాని నమ్మకం ఆ కాసేపట్లో వచ్చింది. టైర్ల హోరు, రివర్స్‌లో టక్కు, తడిసిన బ్రేకుల గరగర అన్నీ అందులోనూ ఉన్నాయి. టైర్ల హోరు అంటే పెద్ద గట్లున్న టైరు రోడ్డును కొట్టే చప్పుడు. ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకి పంచే గేర్ల పెట్టె), రెండు ప్రొపెల్లర్ షాఫ్టులు, రెండు డిఫరెన్షియళ్లు (మలుపులో చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్లు) ఉన్న బండిలో గేర్ల మధ్య ఉండే కొద్దికొద్ది ఖాళీలన్నీ కలిసి ఆ టక్కు అవుతుంది. అయినా షాఫ్ట్ స్లిప్ జాయింట్‌కి గ్రీజు కొట్టి, యూనివర్సల్ జాయింట్లను చేత్తో తిప్పి చూశాకే ఆ ఫిర్యాదుని కాగితం మీద కొట్టేశాం. బ్రేక్ డిస్కుల మీద రాత్రికి రాత్రి పట్టే పలచని తుప్పు నాలుగైదు సార్లు బ్రేకు వేస్తే పోతుంది. హెడ్‌లైట్ ఆవిరి కాసేపు లైట్లు వేస్తే ఆరిపోయింది. అడుగున నీళ్లు నిలిచి ఉంటే సీల్ అనుమానించేవాళ్లం.

ఆ బండిలో లేనివి రెండే: వణుకు, వంకర స్టీరింగ్. తిన్నగా పోకపోవడం అందులోనూ కొంచెం ఉంది గానీ, ఈ బండిలో ఉన్నంత లేదు. ఈ "కొంచెం, ఎక్కువ" తేడా తర్వాత మాకు చాలా పనికొచ్చింది.

వాడకంతో సరిపోయినవి

పార్కింగ్‌లో పట్టేయడానికి కారణం డ్యాష్‌బోర్డ్ మీదే కనిపించింది. బండి ఫోర్ హైలో ఉంది. "ఎప్పుడూ నాలుగు చక్రాలూ లాగితే గ్రిప్ ఎక్కువ కదా అని అలాగే వదిలేశాను" అన్నారు. పార్ట్‌టైమ్ సిస్టమ్‌లో ముందు, వెనక యాక్సిళ్ల మధ్య సెంటర్ డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా ఎక్కువ దూరం తిరగాలి. ట్రాన్స్‌ఫర్ కేస్ మాత్రం రెండు షాఫ్టుల్నీ ఒకే వేగంతో తిప్పుతుంది. మట్టిలో, ఇసకలో ఆ తేడా టైరు జారడంతో సర్దుకుంటుంది. పొడి రోడ్డు మీద టైరు జారదు కాబట్టి ఆ ఒత్తిడి షాఫ్టుల్లో, గేర్లలో మెలిపడి ఉండిపోతుంది. లివర్ వెనక్కి రాకపోవడానికి కూడా ఆ మెలికే కారణం. స్టీరింగ్ తిన్నగా పెట్టి కొన్ని మీటర్లు రివర్స్ చేయమన్నాను. లివర్ చేతికి తేలిగ్గా వచ్చేసింది. అదే చోట టూ హైలో, అంటే రెండు చక్రాలే లాగేలా పెట్టి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి నడిపితే బండి హాయిగా తిరిగింది. లో రేంజ్ సంగతీ అంతే. దానికి బండి ఆగి ఉండాలి, లేదా నడక వేగంలో దొర్లుతూ ఉండాలి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. ఆయన 20 స్పీడులో ప్రయత్నిస్తున్నారు.

ఫ్యాన్, వాసన డీపీఎఫ్‌వి. పొగలోని మసిని పట్టి ఉంచే ఆ ఫిల్టర్ నిండినప్పుడు, ఇంజిన్ ఎగ్జాస్ట్ వేడిని 600 డిగ్రీల దరిదాపులకు పెంచి మసిని కాల్చేస్తుంది. ఆ మధ్యలో ఇంజిన్ ఆపితే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. ఇది గుణమే. కానీ ఇక్కడ ఆగకూడదు. చిన్న దూరాలే తిరిగే బండిలో ఈ ప్రక్రియ పదే పదే సగంలో ఆగిపోతుంది. మసిని కాల్చడానికి సిలిండర్‌లోకి అదనంగా కొట్టిన డీజిల్‌లో కొంత గోడల వెంట ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పై గీత దాటి ఉంది, ముక్కు దగ్గర పెడితే డీజిల్ వాసన. ఆయిల్ తగ్గితే అందరూ కంగారు పడతారు, పెరిగితే ఎవరూ పట్టించుకోరు. పలచబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. ఆయిల్, ఫిల్టర్ మార్చాం. వారానికోసారైనా ఒక అరగంట ఆపకుండా హైవే మీద నడపమని, డిప్‌స్టిక్ మీద ఆయిల్ పెరుగుతోందేమో చూసుకోమని చెప్పాం.

వాగులు దాటుతున్నారు కాబట్టి రెండు యాక్సిళ్ల బ్రీదర్ గొట్టాలు (లోపలి గాలి వచ్చిపోయే సన్నటి గొట్టాలు) కూడా చూశాం. వేడెక్కిన డిఫరెన్షియల్ ఒక్కసారిగా చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, దొరికిన సందులోంచి నీళ్లు పీల్చుకుంటుంది. డిఫరెన్షియల్ ఆయిల్ పాలలా మారలేదు. గొట్టాలూ శుభ్రంగానే ఉన్నాయి.

టాప్ లీక్ సర్దుబాటుతో పోయింది. పైపుతో నీళ్లు కింది నుంచి పైకి మెల్లగా కొడుతూ వచ్చాం. ముందే పైనుంచి కొడితే నీళ్లు అన్ని వైపులకీ కారి, ఎక్కడ దిగుతున్నాయో తెలియదు. ముందు ప్యానెల్ మూలన సీల్ మడతపడి ఉంది. ప్యానెళ్లు మూసే వరస తప్పితే అలా మడతపడుతుంది. సీల్ మీద కాగితం ముక్క పెట్టి ప్యానెల్ మూసి, ముక్క లాగి చూడటం ఆయనకి నేర్పాం. బిగుతుగా లాగాల్సి వస్తే సీల్ ఆనినట్టు, ఊరికే జారి వచ్చేస్తే ఆననట్టు.

వణుకు: ముందు చేసినవి ఎందుకు నిలవలేదు

అంతకుముందు వెళ్లిన చోట వీల్ బ్యాలెన్సింగ్ చేశారు, ముందు టైర్లు వెనక్కి మార్చారు, చివరికి స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ కుదుపుల్ని మింగే షాక్ అబ్జార్బర్ లాంటిది) తీసి ఇంకా గట్టిది వేశారు. డ్యాంపర్ వేశాక కొన్నాళ్లు వణుకు రాలేదు. తర్వాత వచ్చింది, అదీ ఇంకా తక్కువ స్పీడులో.

నా దృష్టిలో ఈ కేసులో అందరూ తెలుసుకోవాల్సింది ఇదే. సాలిడ్ యాక్సిల్ బండ్ల ఓనర్లు డెత్ వాబుల్ అని పిలిచే ఈ వణుకుకి మూలం ముందు యాక్సిల్ ఎక్కడో వదులుగా ఉండటం. డ్యాంపర్ ఆ వణుకు శక్తిని మింగుతుంది గానీ వదులును బిగించదు. వదులు అలాగే అరుగుతూ పెరిగి, ఒకరోజు డ్యాంపర్ మింగగలిగిన దాన్ని దాటిపోతుంది. పైగా గట్టి డ్యాంపర్ ఉన్నంతకాలం ఓనర్‌కి హెచ్చరిక అందదు. బ్యాలెన్సింగ్ కూడా అంతే. బ్యాలెన్స్ తప్పిన చక్రం వణుకుని మొదలుపెట్టగలదు, కానీ అన్ని జాయింట్లూ బిగువుగా ఉంటే ఆ వణుకు యాక్సిల్ అంతటికీ పాకదు.

మేం టైర్ గాలితో మొదలుపెట్టాం, ఎందుకంటే అది అన్నిటికన్నా సులువు, పైగా మిగతా పరీక్షలన్నిటినీ తప్పుదారి పట్టించగలదు. డోర్ పక్క స్టిక్కర్ మీద 35 పీఎస్ఐ అని ఉంటే టైర్లలో 46 ఉంది. ఫ్యాక్టరీ నుంచి రవాణా చేసేటప్పుడు ఎక్కువ గాలి పెడతారు. డెలివరీకి ముందు తగ్గించాలి, ఒక్కోసారి మర్చిపోతారు. టైరు మీద అడ్డంగా సుద్దగీత గీసి కొంచెం దూరం నడిపితే మధ్యలో మాత్రమే చెరిగింది, అంటే టైరు మధ్యభాగమే రోడ్డుకి ఆనుతోంది. గాలి సరిచేశాక బండి పక్కకి జారడం కొంత తగ్గింది, వణుకు కూడా అరుదైంది. ఇక్కడే బండి ఇచ్చేసి పంపొచ్చు, ఓనర్ సంతోషపడతారు కూడా. కానీ మెత్తబడిన టైరు దెబ్బని మింగడం వల్ల వణుకు తగ్గింది తప్ప, దాన్ని పుట్టించేది అలాగే ఉంది. అందుకే ఆగలేదు.

ఆయన రాసిన "ఎప్పటినుంచి" గడికి తిరిగి వెళ్లాం. పక్కకి జారడం మొదటిరోజు నుంచీ ఉంది, మధ్యలో పెరిగింది. వణుకు, వంకర స్టీరింగ్ రెండూ ఒకే వారంలో మొదలయ్యాయి. "ఆ వారం ముందు బండి కింద ఏమైనా విప్పారా? ఎవరు విప్పారన్నది నాకు అక్కర్లేదు, ఏం విప్పారన్నదే కావాలి" అని అడిగాను. కాసేపు ఆగి, రెండు అంగుళాల లిఫ్ట్ స్పేసర్లు (స్ప్రింగుల దగ్గర పెట్టి బండి ఎత్తు పెంచే దిమ్మలు) వేయించానని చెప్పారు. వారంటీ పోతుందేమోనని ఎక్కడా చెప్పలేదట. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. మనం అడిగే తీరులో తప్పు పట్టే ధోరణి ఉంటే ఇలాంటి సమాచారం ఎప్పటికీ బయటికి రాదు.

బండి కింద

స్పేసర్లు వేయాలంటే ముందు ప్యాన్‌హార్డ్ రాడ్ విప్పుతారు. ఇది ఒక చివర ఛాసిస్‌కి, ఇంకో చివర యాక్సిల్‌కి బిగించి ఉండే కమ్మీ. యాక్సిల్ పక్కకి కదలకుండా పట్టి ఉంచేది ఇదే. స్టీరింగ్ బాక్స్ ఛాసిస్ మీద ఉంటుంది, చక్రాలు యాక్సిల్ మీద ఉంటాయి. రాడ్ వదులై యాక్సిల్ ఒక మిల్లీమీటర్ పక్కకి కదిలినా, చక్రాలకి అది స్టీరింగ్ తిప్పినట్టే. చక్రాలు తిరిగితే యాక్సిల్ ఇటు లాగుతుంది, మళ్లీ అటు. వణుకు తనను తానే పోషించుకుంటుంది.

అంతకుముందు చూసినవాళ్లు బండిని లిఫ్ట్ మీద ఎత్తి, వేలాడే చక్రాలను చేత్తో ఊపి చూశారట. బరువు లేనప్పుడు ఈ వదులు కనిపించదు. మేం చక్రాలు నేల మీదే ఉంచి, ఇంజిన్ ఆన్ చేసి, ఒక కుర్రాణ్ణి స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి అటూ ఇటూ గబగబా కొద్దికొద్దిగా తిప్పమన్నాం. నేను కింద పడుకుని ఒక్కో జాయింట్ మీద వేలు ఆనించి చూస్తూ వచ్చాను. సగం వేలు ఒక భాగం మీద, సగం రెండో భాగం మీద ఉండాలి. టై రాడ్ చివరలు, బాల్ జాయింట్లు బిగువుగానే ఉన్నాయి. రాడ్ ఛాసిస్ చివర వేలు పెట్టగానే, రాడ్ యాక్సిల్‌ని తోసే ముందు చిన్న టిక్కు తగిలింది. కంటికి కనిపించలేదు, వేలికే తెలిసింది. టార్చి వేస్తే బోల్టు తల చుట్టూ పెయింట్ పోయి సన్నటి మెరిసే వలయం, దాని కింద ఎర్రటి తుప్పు పొడి. కదులుతున్న బోల్టు వదిలే గుర్తులవి.

టార్క్ రెంచ్ (కావాల్సిన బిగుతు రాగానే క్లిక్‌మనే పానా) పెడితే క్లిక్ వినపడేలోపు నట్టు పావు చుట్టు తిరిగింది. పైగా యాక్సిల్ వేలాడుతుండగా బిగించినట్టుంది, బండి నేల మీద నిలిస్తే రబ్బర్ బుష్ (రాడ్ చివర బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగు) మెలితిరిగి ఉంది. ఇలా బిగిస్తే బుష్ ఎప్పుడూ ఒత్తిడిలోనే ఉండి లోపలి గొట్టాన్ని కదిలించడానికి చూస్తుంది. బోల్టు తీసి బ్రాకెట్ రంధ్రం వెర్నియర్‌తో కొలిచాం. గుండ్రంగానే ఉంది. కోలగా సాగి ఉంటే బోల్టు ఎంత బిగించినా నిలిచేది కాదు, బ్రాకెట్ పనే చేయాల్సి వచ్చేది. కొత్త బోల్టు, కొత్త లాక్ నట్టు వేసి, బండి నాలుగు చక్రాల మీద నిలబడి ఉండగా సర్వీస్ మాన్యువల్ చెప్పిన టార్క్‌కి బిగించాం.

ఆ తర్వాత ఇంకేమీ ముట్టుకోకుండా గట్టి డ్యాంపర్ తీసేసి పాత కంపెనీ డ్యాంపర్ వేసి, ముందు ఖాళీ రోడ్డు మీద తక్కువ వేగంతో మొదలుపెట్టి, చివరికి అదే బ్రిడ్జి జాయింట్ మీద 80లో నడిపి చూశాం. వణుకు రాలేదు. గట్టి డ్యాంపర్ ఉంచి పరీక్షిస్తే, వణుకు పోయింది బోల్టు వల్లో డ్యాంపర్ వల్లో చెప్పలేం.

మిగిలింది పక్కకి జారడం

వణుకు పోయినా, పోల్చి చూసిన బండి కన్నా ఈ బండి ఇంకా ఎక్కువే జారుతోంది. దీనికి కారణం వేరు. స్పేసర్లతో బండి లేచినప్పుడు కంట్రోల్ ఆర్మ్‌ల (యాక్సిల్‌ని ఛాసిస్‌కి కలిపే కమ్మీల) కోణం మారి యాక్సిల్ కాస్త ముందుకి దొర్లుతుంది, కాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) తగ్గుతుంది. సైకిల్ ముందు ఫోర్క్ వాలు ఎలా చక్రాన్ని తిన్నగా నిలబెడుతుందో, ఇక్కడ కాస్టర్ పని అదే. అలైన్‌మెంట్ మెషిన్ మీద కాస్టర్ తయారీదారు చెప్పిన కనిష్ఠానికి కిందే చూపించింది. రాడ్ పొడవు మారకుండా బండి లేచింది కాబట్టి యాక్సిల్ కూడా కొన్ని మిల్లీమీటర్లు పక్కకి జరిగింది. వంకర స్టీరింగ్ అందువల్లే.

ఓనర్ ముందు రెండు దారులు పెట్టాను: స్పేసర్లు తీసేయడం, లేదా ఉంచి కాస్టర్ సరిచేయడం. తీసేయడమే నా సలహా, ఎందుకంటే ఆయన వెళ్లే దారులకి ఆ అదనపు ఎత్తు అవసరం లేదు. ఆయనకి ఆ ఎత్తు ఇష్టం. బండి ఆయనది, సురక్షితంగా చేయగలిగిన పని, కాబట్టి ఎక్సెంట్రిక్ బోల్టులతో (తిప్పితే కోణం మారే బోల్టులు) కాస్టర్ పరిధిలోకి తెచ్చాం. డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్స్‌ని చక్రాలకి కలిపే కమ్మీ) సర్ది స్టీరింగ్ వీల్ తిన్నగా పెట్టాం. ఇది అందం కోసం కాదు. స్టీరింగ్ వంకరగా ఉంటే ఈఎస్‌పీ (బండి అదుపు తప్పకుండా తనంతట తానే బ్రేకులు వేసే సిస్టమ్) బండి మలుపులో ఉందనుకుని అక్కర్లేని చోట బ్రేకులు వేయొచ్చు. అలైన్‌మెంట్ మళ్లీ చూసి బండి ఇచ్చాం.

ఇప్పటికీ ఆ బండి చిన్న కారులా తిన్నగా పోదు. స్టీరింగ్ బాక్స్‌లో మధ్యన కొద్ది ఖాళీ ఉంటుంది, చిన్న చిన్న సర్దుబాట్లు చేస్తూ నడపాల్సిందే. పోల్చి నడిపిన బండి వల్ల ఆయనకి ఆ హద్దు ఎక్కడుందో తెలిసింది.

ఇప్పుడు మేం పాటిస్తున్నవి

ఫిర్యాదు రాసుకునే ఫారంలో "ఎప్పటినుంచి" అన్న గడి, "కొన్నాక ఏం విప్పారు, ఏం బిగించారు" అన్న గడి చేర్చాం. అప్పుడప్పుడే మొదలైన ఫిర్యాదుని, ఎంత చిన్నదైనా, గుణం అని కొట్టేయడం లేదు. స్టీరింగ్ ఫిర్యాదు ఏదైనా సరే, ముందు గాలి, తర్వాత నేల మీద నిలబెట్టి చేసే పరీక్ష, ఆ తర్వాతే మెషిన్. అలైన్‌మెంట్ మెషిన్ కోణాలు చూపిస్తుంది, వదులు చూపించదు. వదులు ఉన్న బండికి అలైన్‌మెంట్ చేస్తే ఆ కోణాలు రోడ్డు ఎక్కగానే మారిపోతాయి.

సస్పెన్షన్ విప్పి బిగించిన ప్రతి బోల్టు మీద, బ్రాకెట్ మీదికి వచ్చేలా తెల్ల పెయింట్ గీత గీస్తున్నాం. బోల్టు కదిలితే గీత విరుగుతుంది, ఓనర్ కూడా టార్చి వేసుకుని చూసుకోవచ్చు. చక్రాలు విప్పితే 50 నుంచి 100 కిలోమీటర్ల తర్వాత వీల్ నట్లు మళ్లీ టార్క్ చేయించుకోమని రాసి ఇస్తున్నాం.

ఈయన బండి తర్వాతి చెకప్‌కి వచ్చినప్పుడు గీత చెక్కుచెదరలేదు. ముందు టైర్లు సమంగా అరుగుతున్నాయి. ఆయిల్ గీతల మధ్యే ఉంది. వెనక తలుపు గలగల మాత్రం పూర్తిగా పోలేదు. రబ్బర్ స్టాపర్లు చివరిదాకా తిప్పినా స్పేర్ వీల్ బరువుకి తలుపు కొంచెం కిందికి దిగుతోంది. హింజ్ దగ్గర షిమ్ (పలచని రేకు ముక్క) వేసి ఎత్తాలని జాబ్ కార్డులో రాశాం. ఆ పని తర్వాతి సర్వీస్‌లో.